ఇంటి దొంగ గోల: హామ్ రేడియోను ఇంట్లోని కరెంటు సామాను నుంచి కాపాడుకోవడం

ఒడిశా పర్లాకిమిడిలో మా వీధిలో దీపాలు పెట్టే వేళకి, లైసెన్సు తీసుకుని ఇంటినుంచే దూరాలవాళ్లతో మాట్లాడుకునే నా హామ్ రేడియోకి చెవుడు వచ్చేది. పగలంతా 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు స్టేషన్లు పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టు వినపడేవి. ఆరు దాటాక ఇంటింటా స్విచ్చులు పడేకొద్దీ స్పీకరులో "జుయ్"మనే మోత ఒక్కో మెట్టూ ఎక్కేది. ఏడయ్యేసరికి సిగ్నలు బలం చూపే ఎస్-మీటరు ముల్లు 7 మీద నిలబడిపోయేది. ఎవరూ మాట్లాడకపోయినా అక్కడే ఉండేది. చీకటి పడితే ఈ బ్యాండులో దగ్గరి ఊళ్లు తగ్గిపోయి దూరదేశాలు తెరుచుకోవడం మామూలే, అది ఆకాశం చేసే పని. ఈ మోత మాత్రం ఆకాశం చేసింది కాదు.

కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్లు ఇంటికొచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మాస్టారూ, రేడియో చుట్టూ రేకు కడితే ఆగదా?" ఆగదు. ఎందుకు ఆగదో తెలిస్తే దేన్ని ఆపాలో తెలుస్తుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబే.

ముందుగా ఒక మాట. పుస్తకాల్లో దీన్ని విద్యుదయస్కాంత వ్యతికరణం అంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు. మేం దీన్ని గోల అంటాం. హామ్‌ల కోడ్ భాషలో ఉరుముల వల్ల వచ్చే కరకర క్యూఆర్ఎన్, మనుషుల వల్ల వచ్చేది క్యూఆర్ఎమ్. వేసవిలో మహేంద్రగిరి మీద మబ్బు పడితే వినపడే చిటపటలకి మందు లేదు, అది కాసేపుండి పోతుంది. మన ఇంటి గోల పోదు. అయితే దానికి మందుంది.

ఈ బాధ ఎందుకు పడాలో కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అటు శ్రీకాకుళం జిల్లా, ఇటు మా గజపతి జిల్లా రెండూ దెబ్బ తిన్నాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ముందురోజే దించి చుట్టపెట్టిన డైపోలు తీగని (రెండు చేతులు చాచినట్టు కట్టే యాంటెనాని) గాలి తగ్గాక మళ్లీ ఎక్కించి, కారు బ్యాటరీకి రేడియో తగిలించాను. ముల్లు 1 మీద ఉంది. చాలా ఏళ్లుగా నేను అలాంటి నిశ్శబ్దం వినలేదు. మామూలు రోజుల్లో మోత అడుగున మునిగిపోయే బలహీనమైన గొంతులు కూడా ఒక్కో అక్షరం చొప్పున తేటగా వచ్చాయి. నా రేడియో బాగానే ఉందని, యాంటెనా బాగానే ఉందని ఆ రోజు తెలిసింది. ఊళ్లో కరెంటు వస్తే నాకు వినికిడి పోతోంది. తుపాను తర్వాత రెండో రోజుకో మూడో రోజుకో కొన్ని ఇళ్లలో జనరేటర్లు, ఇన్వర్టర్లు మొదలవుతాయి. మనిషి సాయం అడిగే గొంతు ఎక్కడో దూరంగా సన్నగా ఉన్నప్పుడే మన చుట్టూ గోల తిరిగి పెరుగుతుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన నాటి నుంచి ఈ కోస్తాలో ఉన్నవాళ్లకి ఇది వట్టి సరదా వ్యవహారం కాదు.

గోల ఎంత దోచుకుంటుందో లెక్కలో చూద్దాం. ఎస్-మీటరు మీద ఒక్కో మెట్టు 6 డెసిబెల్, అంటే పవరులో నాలుగు రెట్లు. ముల్లు 3 నుంచి 7కి ఎక్కిందంటే నాలుగు మెట్లు, నాలుగుని నాలుగుసార్లు హెచ్చవేస్తే 256. హైదరాబాదులో మిత్రుడు 100 వాట్లతో పంపిస్తున్నాడనుకోండి. నా గదిలో గోల 3 నుంచి 7కి పెరిగితే, నా చెవికి సంబంధించినంతవరకు ఆయన స్టేషను 0.4 వాట్లకి పడిపోయినట్టే. ఆయన పెద్ద యాంప్లిఫయరు కొన్నా ఈ నష్టం పూడదు. మన దేశంలో జనరల్ గ్రేడు లైసెన్సుకి ఇచ్చే 400 వాట్లు మొత్తం వాడినా వచ్చేది ఒక్క మెట్టే. అదే నేను నా ఇంట్లో మూడు అడాప్టర్లు సరిచేసుకుంటే మూడు మెట్లు తగ్గవచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

మోత పుట్టేది ఎక్కడ

పాత ఫిలమెంటు బల్బు వట్టి తీగ. కరెంటు పారితే వేడెక్కి వెలుగుతుంది, అంతే, రేడియోకి దానితో పేచీ లేదు. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు ఇళ్లకి చేరాయి. కరెంటు బిల్లు తగ్గింది, మంచిదే. నేనూ ఎల్ఈడీలే వాడతాను. కానీ ఎల్ఈడీ బల్బు నేరుగా 230 వోల్టుల మీద వెలగదు. దాని మెడలో చిన్న సర్క్యూటు ఉంటుంది. మొబైలు చార్జరులో, సెట్‌టాప్ బాక్సు అడాప్టరులో, వైఫై రూటరులో, సీసీ కెమెరా డబ్బాలో, కొత్తగా వస్తున్న, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యానులో ఉండేది కూడా దాని అన్నదమ్ములే. దాన్ని ఎస్ఎంపీఎస్ (స్విచ్డ్ మోడ్ పవర్ సప్లయి) అంటారు.

పాత రోజుల ఎలిమినేటరులో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. 50 హెర్ట్జ్ కరెంటుని నెమ్మదిగా, గుండ్రంగా తగ్గించేది. ఎస్ఎంపీఎస్ అలా చెయ్యదు. కరెంటుని సెకనుకి వేల సార్లు కత్తితో నరికినట్టు ముక్కలు చేస్తుంది. ఉదాహరణకి 65 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 65,000 ముక్కలు. ముక్కలు చిన్నవైతే ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైనా చాలు, అందుకే చార్జరు అగ్గిపెట్టెంత అయింది. చిక్కంతా ఆ నరకడంలోనే ఉంది. అంచు ఎంత పదునుగా ఉంటే అంత పైదాకా దాని హార్మోనిక్‌లు, అంటే ఆ ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు అలా వచ్చే గుణిజాలు, పోతాయి. 65ని 109తో హెచ్చవేస్తే 7,085 కిలోహెర్ట్జ్, 110తో హెచ్చవేస్తే 7,150. రెండూ మన 7 మెగాహెర్ట్జ్ బ్యాండు (దీన్నే 40 మీటర్ల బ్యాండు అంటాం) నడిబొడ్డున పడ్డాయి. డయలు తిప్పుతుంటే ప్రతి 60, 70 కిలోహెర్ట్జ్‌కి ఒకసారి మోత ఉబ్బి తగ్గుతుంటే అది ఎస్ఎంపీఎస్ సంతకం. లోడు మారినప్పుడు ఆ ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఒక గీతలా కాక మసగ్గా పరుచుకుంటుంది.

దీన్ని ఆపే ఉపాయం తయారీదారులకి తెలియనిది కాదు. కరెంటు లోపలికొచ్చే చోట ఒక కాయిలు, ఒకటి రెండు కెపాసిటర్లు పెడితే మోత వైర్లలోకి తిరిగి పారదు. ఒకసారి మాడిపోయిన చవక బల్బుని కోసి చూశాను. చిటికెన వేలి గోరంత బోర్డు. దాని మీద కాయిలు కోసం ఎల్1 అని ముద్రించిన జాగా ఉంది. అక్కడ కాయిలు లేదు, దాని బదులు చిన్న తీగముక్క అడ్డంగా అతికించి ఉంది. పక్కన కెపాసిటరు కోసం వదిలిన రెండు రంధ్రాలు ఖాళీ. డిజైను చేసినవాడు ఫిల్టరు గీశాడు, తయారు చేసినవాడు రెండు మూడు రూపాయలు మిగుల్చుకున్నాడు. ఆ తీగముక్కని చూసిన రోజు నాకు నిజంగా మనసు కష్టమైంది.

అలాగని మంచి కంపెనీ సరుకు పూర్తిగా మౌనంగా ఉంటుందని కాదు. ఈ మోతకి హద్దులు పెట్టే అంతర్జాతీయ సంఘం సీఐఎస్‌పీఆర్ 1934లోనే పుట్టింది. ఇళ్లలో వాడే వస్తువులు 5 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య కరెంటు వైరులోకి వదలగలిగే మోతకి వాళ్లు పెట్టిన హద్దు 60 డీబీ మైక్రోవోల్టులు, అంటే ఒక మిల్లీవోల్టు. మన ఎస్-మీటరులో చాలా గట్టి సిగ్నలు అనుకునే ఎస్ 9 అంటే రిసీవరు దగ్గర 50 మైక్రోవోల్టులు. హద్దు దాటని వస్తువు కూడా ఎస్ 9కి ఇరవై రెట్ల వోల్టేజిని ఇంటి వైర్లలో పెట్టవచ్చన్నమాట. వైరులోది మొత్తం యాంటెనాకి చేరదు గనుక బతికిపోతున్నాం. ఆ హద్దు పక్కింట్లో ఆకాశవాణి గట్టి స్టేషను వినేవాళ్లని దృష్టిలో పెట్టుకుని గీసింది. వెయ్యి కిలోమీటర్ల అవతలి సన్నని గొంతు కోసం చెవి ఒగ్గే హామ్‌కి అది సరిపోదు.

రేకు ఎందుకు పనిచెయ్యదు

ఇప్పుడు కుర్రాళ్ల ప్రశ్నకి వద్దాం. రేడియోకి ఇప్పటికే ఇనుప డబ్బా ఉంది. మోత ఆ డబ్బా గోడల్లోంచి దూరి రావడం లేదు. మనం సిగ్నలు కోసం తెరిచిపెట్టిన తలుపులోంచే, యాంటెనా సాకెట్టులోంచే, దర్జాగా వస్తోంది. కావాలంటే యాంటెనా పీకి చూడండి, ముల్లు దాదాపు సున్నాకి పడిపోతుంది. పడకపోతే మోత మీ పవర్ సప్లయిలోంచి వస్తోందని అర్థం, అప్పుడు మందు అక్కడ వెయ్యాలి.

పోనీ, మోత పెట్టే అడాప్టరుకే రేకు చుడితే? దానికి రెండు వైపులా వైర్లున్నాయి. చిల్లికుండకి ఎంత మందాన గోడ కట్టినా నీళ్లు చిల్లిలోంచే పోతాయి. 7 మెగాహెర్ట్జ్ అలకి పావు నిడివి పదిన్నర మీటర్లు. ఒక గది వైరింగు, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కలిపితే అంత పొడవు ఇట్టే వస్తుంది. అగ్గిపెట్టెంత చార్జరు తనంతట తను రేడియో తరంగాన్ని విసరలేదు, దానికి యాంటెనా మన గోడల్లో ఉన్న వైరింగు. రేకు చుట్టి కరెంటు సామానుని ఉక్కిరిబిక్కిరి చేస్తే వేడి ఎక్కి మరో ప్రమాదం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, అది పట్టుబడితే మిగతావన్నీ తేలిక. వైరులో మోత రెండు రకాలుగా పారుతుంది. ఒకటి, ఫేజులో వెళ్లి న్యూట్రలులో తిరిగొచ్చేది. పక్కపక్కనే ఎదురెదురుగా పారే రెండు కరెంట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి అది దూరం పోదు. రెండోది, ఫేజూ న్యూట్రలూ రెంటిలోనూ ఒకే దిక్కుకి పారి, భూమి మీదుగానో గాలిలోని కెపాసిటెన్సు మీదుగానో తిరిగొచ్చేది. దాన్ని కామన్ మోడ్ కరెంటు అంటారు. రద్దు చెయ్యడానికి పక్కన ఎవరూ లేరు గనుక మొత్తం వైరు ఒకే తీగలా, ఒకే యాంటెనాలా పనిచేస్తుంది. మనల్ని ఏడిపించేది నూటికి తొంభైపాళ్లు ఇదే. ఈ దారికి అడ్డం వెయ్యడమే అసలు పని.

దొంగని పట్టడం

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని బ్యాటరీతో పట్టవచ్చు. రేడియోకి 12 వోల్టుల బ్యాటరీ తగిలించండి, ముల్లు ఎంత మీద ఉందో రాసుకోండి, ఇంటి మెయిన్ ఆపండి. ముల్లు పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. పడకపోతే పక్కింట్లోనో స్తంభం మీదో.

చాలామంది ఇక్కడే మోసపోతారు, మొదటిసారి నేనూ మోసపోయాను. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు అందుకుంది. హాల్లో రెండు బల్బులు, రూటరు, ఒక ఫ్యాను ఎప్పటిలాగే నడుస్తున్నాయి. పైగా అది చౌక రకం చతురస్రపు అల ఇచ్చే ఇన్వర్టరు, మోత ఇంకా పెరిగింది. మెయిన్ ఆపినా తగ్గలేదు కాబట్టి తప్పు మా ఇంటిది కాదని తేల్చేసుకుని వారం రోజులు వీధి మీద అనుమానపడ్డాను. ఇన్వర్టరు కూడా ఆపాలి. చార్జింగులో ఉన్న ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద ఉంచినా దాని వైర్లు పీకెయ్యాలి.

తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటీ ఎత్తుతూ, ఏ వరసలో ముల్లు లేచిందో చూసి, ఆ వరసలోని ప్లగ్గులు ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోవాలి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. మా ఇంట్లో పట్టుబడినవి సీసీ కెమెరా అడాప్టరు, వంటగది ట్యూబులైటు, నా టేబులు కిందే ఉన్న ఒక చార్జరు. ఆ చార్జరు రేడియోకి రెండడుగుల దూరంలో ఉంది, నేను మాత్రం దొంగ కోసం వీధి చివరిదాకా వెతికాను.

మోతల్ని చెవితోనే గుర్తుపట్టడం కొన్నాళ్లకి అలవాటవుతుంది. మిక్సీ వేస్తే బ్రష్షుల దగ్గర రవ్వలు రాలి బ్యాండంతా "ఖర్ర్"మంటుంది, కానీ చట్నీ అయ్యేదాకానే. పాతకాలపు ఫ్యాను రెగ్యులేటరు స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు సెకనుకి 100 సార్లు కొట్టుకునే "బుర్ర్" ఇస్తుంది, ఫ్యాను ఫుల్లు మీద పెడితే తగ్గుతుంది. ఇండక్షను పొయ్యి పాలు పొంగేదాకా ఊగుతూ ఉంటుంది. పొద్దున్న ఎండతో పుట్టి సాయంత్రం ఎండతో పోయే మోత సోలారుది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం తర్వాత మేడల మీద పలకలు పెరుగుతున్నాయి. మేడ మీద పలక నుంచి కింది ఇన్వర్టరు దాకా దిగే పొడవైన వైర్లు మంచి యాంటెనాలే. మా వీధికి ఇంకా ఆ బాధ పెద్దగా రాలేదు.

ఇల్లు దాటాక జేబు ట్రాన్సిస్టరు చాలు. మీడియం వేవులో స్టేషను లేని చోట డయలు పెట్టి, గోడల పక్కనా మీటరు బోర్డుల పక్కనా నడవాలి. దాని లోపల ఫెర్రైట్ (ఇనుము కలిసిన పింగాణీలాంటి పదార్థం) కడ్డీ యాంటెనా ఉంటుంది. రేడియోని అటూ ఇటూ తిప్పితే ఒక దిక్కులో మోత సన్నబడుతుంది, అప్పుడు కడ్డీ కొన దొంగ వైపు చూస్తున్నట్టు. నేను అలా తిరుగుతుంటే మా ఎదురింటి పిన్నిగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏటి నాయనా, మా ఇంట్లో ఏటైనా కాలిపోతాందా?"

"లేదు పిన్నిగారూ, భయపడకండి. మీ వసారాలో కొత్త బల్బు వేశారా?"

"ఏశామమ్మా, సంతలో మూడు తెచ్చాడు మీ బాబాయి."

"ఒక్కసారి ఆర్పుతారా? మళ్లీ వెయ్యండి. ఇప్పుడు ఆర్పండి."

ఆర్పినప్పుడల్లా నా చేతిలో ట్రాన్సిస్టరు నోరు మూసుకుంది. అది ఆవిడే చెవితో విన్నారు. మాటలతో నేను గంట చెప్పినా రాని నమ్మకం ఆ మూడు స్విచ్చులతో వచ్చింది. నా దగ్గరున్న మంచి బల్బులు మూడు ఆవిడకి ఇచ్చి ఆ మూడూ తెచ్చుకున్నాను. పక్కింటివాళ్ల దగ్గరికి ఫిర్యాదుతో కాక మంచి బల్బుతో పోవాలని నా గట్టి అభిప్రాయం. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు దీపం కొనుక్కున్నారు. పైగా మా రేడియో వల్ల వాళ్ల టీవీ స్పీకరులో నా గొంతు వినపడిన రోజులున్నాయి. ఆ బాధకి కూడా మందు ఇదే: స్పీకరు వైరుకి ఫెర్రైట్.

ఫెర్రైట్ రింగు, చుట్ల లెక్క

కామన్ మోడ్ కరెంటుకి అడ్డం వేసే వస్తువు ఫెర్రైట్ రింగు. అడాప్టరు వైరుని మొత్తంగా, రెండు తీగలూ మూడు తీగలూ విడదీయకుండా, రింగులోంచి చుట్టాలి. ఫేజు, న్యూట్రలు ఎదురెదురుగా పారే మామూలు కరెంటుని రింగు అసలు పట్టించుకోదు, ఎందుకంటే రెండింటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి చంపుకుంటుంది. ఒకే దిక్కుకి పారే మోత మాత్రం చిక్కుకుని వేడిగా మారిపోతుంది. వైరు కొయ్యక్కర్లేదు, షాకు భయం లేదు.

రింగు కొనేవాళ్లు చేసే తప్పు చుట్ల దగ్గర. క్లిప్పులా బిగించే ఫెర్రైట్ ఒకటి తెచ్చి వైరుకి తగిలించి "ఏమీ తగ్గలేదు" అంటారు. ఒకసారి దూరిపోయిన వైరు ఒక చుట్టు. 7 మెగాహెర్ట్జ్‌లో అది ఇచ్చే అడ్డం కొన్ని పదుల ఓములే. అడ్డం చుట్ల వర్గంతో పెరుగుతుంది. అదే రింగులో ఐదు చుట్లు వేస్తే ఐదు రెట్లు కాదు, దాదాపు పాతిక రెట్లు. కాబట్టి పది చిన్న క్లిప్పుల కన్నా పది చుట్లు పట్టే పెద్ద రింగు ఒకటి మేలు. రకం కూడా చూడాలి. మన బ్యాండ్లకి 31 నంబరు మిశ్రమం బాగా నప్పుతుంది, 43 నంబరు పై బ్యాండ్లలో బాగుంటుంది. పాత కంప్యూటరు ఎస్ఎంపీఎస్‌లో దొరికే పసుపు, తెలుపు రింగులు చాలామంది పీకి దాస్తారు. అవి ఇనప పొడి రింగులు, ఈ పనికి రావు. రింగుని మోత పెట్టే వస్తువుకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. మధ్యలో మీటరు వైరు వదిలితే ఆ మీటరే యాంటెనా అవుతుంది.

నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది అడాప్టర్ల మీద వేసిన రింగులు కావు, నా సొంత యాంటెనా కేబులు మీద వేసిన రింగు. కోయాక్స్ కేబులులో లోపల ఒక తీగ, బయట ఒక జాలీ ఉంటాయని అందరికీ తెలుసు. 7 మెగాహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైచర్మంలో 25 మైక్రాన్ల లోతు మించి దిగదు, తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. అందుకని ఆ జాలీ లోపలి ముఖం ఒక తీగ, బయటి ముఖం మరో తీగ అన్నట్టు పనిచేస్తాయి. అంటే మీ కేబులులో మూడు దారులున్నాయి. మూడోది, బయటి ముఖం, ఇంటి గోడల పక్కనుంచి, కిటికీలోంచి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదుగా రేడియో దాకా పాకి వస్తూ దారిపొడవునా ఇంటి గోలంతా పోగుచేసి డైపోలు నడుమ దగ్గర లోపలికి దించుతుంది. యాంటెనా తోటలో ఉన్నా చెవి మాత్రం హాల్లో ఉన్నట్టే. డైపోలు నడుమ ఒకటి, కేబులు ఇంట్లోకి దూరే చోట మరొకటి, రెండంగుళాల పైచిలుకు 31 నంబరు రింగు మీద సన్న కోయాక్సు పన్నెండు చుట్లు వేసి కట్టాను. ఈ చోక్ బయటి ముఖానికి కొన్ని వేల ఓముల అడ్డం అవుతుంది, లోపలి సిగ్నలుని తాకదు. ఆ సాయంత్రం ముల్లు 7 నుంచి 5కి దిగింది.

యాంటెనా స్థలం కూడా మాట్లాడుతుంది. అల పొడవుని 6.28తో భాగించినంత దూరం, మన బ్యాండులో ఆరున్నర మీటర్ల పైచిలుకు, దాటేదాకా చిన్న వస్తువుల మోత దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. లెక్క ప్రకారం దూరం రెట్టింపైతే 18 డెసిబెల్, అంటే మూడు మెట్లు. ఇంటి వైరింగు పొడవుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి నిజంలో అంత దక్కదు. అయినా మేడ పిట్టగోడకి ఆనించి కట్టిన తీగని పెరట్లో కొబ్బరిచెట్టు వైపు ఏడెనిమిది మీటర్లు జరిపితే తేడా చెవికి తెలుస్తుంది. ఒక కొన ఇంట్లోకే వచ్చే పొడుగు తీగ యాంటెనా కన్నా, నడుమ నుంచి దిగే సమతూకపు డైపోలు మేలు. పెరడు లేని అపార్టుమెంటువాళ్లకి నేను చెప్పేది వేరే: వినడానికి వేరుగా చిన్న లూపు యాంటెనా (గుండ్రంగా చుట్టిన తీగ) పెట్టుకోండి. దాన్ని తిప్పితే ఒక దిక్కు మోత మాయమవుతుంది, ట్రాన్సిస్టరు కడ్డీ చేసినట్టే.

ఎర్తింగు గురించి మన వైపు ఒక నమ్మకం ఉంది. ఇంకో ఎర్త్ గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, రేడియోకి తీగ లాగితే మోత భూమిలోకి పోతుందని. పిడుగు నుంచి, షాకు నుంచి రక్షణకి ఎర్తింగు తప్పనిసరి, వేసవిలో ఆ గోతిలో బిందెడు నీళ్లు పొయ్యడం మానకండి. కానీ మేడ మీది గది నుంచి గొయ్యి దాకా తీగ పది మీటర్లుంటే, అది 7 మెగాహెర్ట్జ్‌కి దాదాపు పావు అల. పావు అల తీగ కింది కొన భూమిలో ఉంటే పై కొన గాలిలో తెగి వేలాడుతున్నట్టే ప్రవర్తిస్తుంది. మోత దిగాల్సిన మెట్ల మీదే దానికి తలుపు మూసినట్టు. పైగా ఆ తీగే మరో యాంటెనా అయి కూర్చుంటుంది.

ఎర్తింగు నిజంగా పనిచేసే చోటు వేరే ఉంది. కంప్యూటరు డబ్బాని వేలితో తాకితే జిమ్మంటుంది కదా, చాలా ఇళ్లలో అది మామూలే అనుకుంటారు. లోపలి ఫిల్టరు కెపాసిటర్లు మోతని మూడో పిన్నులోకి దించాలి. ఆ పిన్ను వెనక తీగే లేని సాకెట్టయితే అవి దాదాపు 115 వోల్టులని డబ్బా మీద నిలబెడతాయి. కరెంటు సన్నం కాబట్టి వేలు జిమ్మంటుందంతే. ఆ జిమ్మనడం ఆ సాకెట్టులో ఎర్త్ లేదని, ఫిల్టరు దండగైందని చెప్పే గుర్తు. పాత ఇంట్లో మూడు సాకెట్లకి ఎలక్ట్రీషియనుతో పచ్చ వైరు లాగించాక కంప్యూటరు గోల సగానికి తగ్గింది. ప్రాణానికీ మంచిది.

రేడియోకి కరెంటిచ్చే సప్లయి విషయంలో నేను పాతకాలం మనిషిని. నలభై ఏళ్ల కిందటి హామ్‌లు బరువైన ట్రాన్స్‌ఫార్మరు, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లతో 13.8 వోల్టుల సప్లయి ఇంట్లోనే చేసుకునేవాళ్లు. పది కిలోల బరువు, వేడి, కానీ మౌనం. నాది ఇప్పటికీ అదే. సాయంత్రాలు చాలాసార్లు అది కూడా తీసేసి బ్యాటరీ మీద వింటాను.

రేకు డబ్బాకి కూడా చోటు లేకపోలేదు. సొంతంగా చేసుకున్న డిజిటల్ సర్క్యూటు, సోలారు చార్జి కంట్రోలరు లాంటివాటిని ఇనుప డబ్బాలో పెట్టి, బయటికొచ్చే ప్రతి వైరూ గోడ దగ్గరే కెపాసిటరుతోనో ఫెర్రైటుతోనో దాటేలా చేస్తే అప్పుడది నిజమైన షీల్డు. ఒక్క వైరు అలా దాటకపోయినా డబ్బా కట్టిన శ్రమంతా వృథా.

చేసినవి అన్నీ పుస్తకంలో రాసుకుంటున్నాను: తేదీ, వేళ, ముల్లు, ఆ రోజు ఏం మార్చానో. కేబులు చోక్‌లు, కెమెరా అడాప్టరు మీద తొమ్మిది చుట్లు, వంటగది ట్యూబులైటు మార్పు, పిన్నిగారి వసారా. రాత్రి ఎనిమిదికి ఎస్ 7 ఉన్నచోట ఇప్పుడు ఎస్ 3 ఉంటోంది. మిగిలినది 100 హెర్ట్జ్ గరగర, మెయిన్ ఆపినా ఇన్వర్టరు ఆపినా మారదు. ట్రాన్సిస్టరు పట్టుకుని నడిస్తే వీధి మలుపులో ఉన్న స్తంభం దగ్గర పెరుగుతోంది. పగిలిన ఇన్సులేటరో, వదులైన బిగింపో అయి ఉండాలి. వదులు జాయింటు దగ్గర రవ్వ కరెంటు అల శిఖరానికి చేరినప్పుడల్లా దూకుతుంది, అల సెకనుకి 50 కాబట్టి శిఖరాలు 100. అలాంటి రవ్వ చాలాసార్లు వాన తడికి ఆగిపోతుంది. నిన్న రాత్రి కాసేపు చినుకులు పడ్డాయి, లేచి రేడియో పెట్టాను. ముల్లు 1 మీద ఉంది. స్తంభం నంబరు రాసుకున్నాను, పొద్దున్న లైన్‌మన్‌కి చూపించాలి.